టీ లేని చిప్పు

చిప్పు చేతికి రాగానే పైట చెంగుతో తుడిచి, వెలుగుకు ఏటవాలుగా పట్టుకుని, దాని వీపు మీది అక్షరాలను పెదవులు కదిలిస్తూ చదువుతుంది లిడియా. ఏలూరులో రేడియోలు బాగుచేస్తూ తనంతట తాను నేర్చుకున్న విద్య ఆమెది. ఇప్పుడు చేపల చెరువులో ఆక్సిజన్ తగ్గితే గంట మోగించే పెట్టె తయారుచేస్తోంది. అందులో టైము లెక్కపెట్టే కొత్త క్లాక్ చిప్పు మూడు వోల్టులతో మెల్లగా మాట్లాడుతుంది. పాత బోర్డుకు అయిదు వోల్టులైతేగాని వినపడదు. ఆ చిన్న గొంతును విని పెద్దగా పలికే బఫర్ మధ్యలో ఉండాలి. పేరులో హెచ్‌సీ పక్కన టీ ఉన్న రకమే ఆ పని నమ్మకంగా చేస్తుంది. ఎలక్ట్రానిక్ సామాన్ల కొట్లో హేమంత్‌కుమార్ మళ్ళీ ఉత్త హెచ్‌సీయే ఇచ్చాడు.

"ఇందులో టీ లేదండీ."

"ఉండండి, తెప్పిస్తాను. పంచదార ఎక్కువా, తక్కువా?"

"అక్షరమండీ బాబూ! మూడుసార్లు తిరిగాను."

"ఒక్క అక్షరానికేముందండీ? బల్ల మీద పనిచేసిందన్నారుగా!"

బల్ల మీద పనిచేసింది. పోయినసారి ఇచ్చిన ఉత్త హెచ్‌సీతోనే బిగించిన పెట్టె చెరువు గట్టు మీద ఒకసారి వింటుంది, ఒకసారి వినదు. నిన్న తెల్లవారుజామున, ఆ పెట్టె పెట్టిన దెందులూరు కనకరాజు గారి చెరువులో చేపలు పైకి తేలి నోళ్ళు తెరిచినా గంట మోగలేదు. ఆయనే చూసుకుని నీళ్ళు చిలికి గాలి కలిపే మోటారు వేశాడు కాబట్టి బతికాయి. పెట్టె తీసేస్తానంటే, "ఉండనివ్వండమ్మా, పాపం కష్టపడి చేశారు" అన్నాడు. ఆ జాలి ఆమెకు గుచ్చుకుంది. సరైన చిప్పు విజయవాడ నుంచి రావడానికి వారం పడుతుందట. మధ్యాహ్నం లిడియా దెందులూరు వెళ్ళి, ఒక తెల్లకాగితం మీద గుండ్రంగా రాసి పెట్టె మూతకు అంటించింది: "గంట మోగకపోయినా చెరువు చూసుకోండి."