గుండీ ఊడిన కోటు

టైలరు మనిషిని చూడడు, కుట్టు చూస్తాడు. మాట్లాడుతున్నంతసేపూ మెడలోని టేపు సవరించుకుంటూ ఎదుటివాళ్ళ భుజాలు కళ్ళతోనే కొలిచేస్తుంటాడు. మొదటిసారి ఇల్లు కొంటూ, కాగితాలు చూసిపెట్టే లాయర్ని వెతకడంలోనూ అదే పద్ధతి. మొదటి లాయరమ్మ నల్లకోటు మోచేతుల దగ్గర వెలిసిపోయింది, గుండీ ఒకటి ఊడింది. ఆవిడ కాగితాలన్నీ ముందుకీ వెనక్కీ తిరగేసి, "ఇల్లు అమ్మేవాళ్ళ అన్నకీ ఇందులో వాటా ఉందిగా, ఆయన సంతకమేదండీ?" అంది. టైలరు బయటికొచ్చి, "గుండీ కుట్టించుకోలేని మనిషి మన ఇల్లేం చక్కబెడుతుందే!" అని భార్యను రెండో లాయరు దగ్గరికి లాక్కెళ్ళాడు. ఆయన కోటు భుజాల మీద పోతపోసినట్టుంది. టైలరు మురిసిపోయాడు. లాయరు కాగితాల కట్టయినా విప్పకుండా నవ్వి, "కళ్ళు మూసుకుని తీసుకోండి సార్. మీ కోసమే కట్టినట్టుంది" అన్నాడు. టేపు మీద టైలరు చెయ్యి ఆగిపోయింది. కట్ట చంకన పెట్టుకుని లేచాడు.

"ఏమైందండీ?" అంది భార్య మెట్ల మీద.

"ఏముంది! చంకలు పట్టేసిన చొక్కా తొడిగి, 'మీ కోసమే కుట్టినట్టుంది సార్' అని రోజూ నేను చెప్పే మాటేగా. నా సరుకు నాకే అంటగట్టబోయాడు. పద, ఆవిడ గుండీ నేనే కుట్టిపెడతాను."