సున్నం కింద ఏడో నంబరు

వీధిలో అందరూ ఆమెను సున్నాలమ్మ అంటారు. కాపురానికొచ్చిన ఏడాది పట్టిన కుంచె ముప్ఫై ఏళ్లయినా దించలేదు. దొరల పటాలం వదిలిపోయిన ఇళ్ల వరస అది. ఇరవై ఎనిమిది ఇళ్లు, అన్నీ ఒకే అచ్చు. ఆమెది ఇరవై రెండు, తోడికోడలిది ఏడు. అన్నదమ్ములిద్దరూ పోయాక ఆ రెండిళ్లలో వీళ్లిద్దరే మిగిలారు.

ఆ వేసవిలో పాత కట్టడాలు చూసే కమిటీ ఆఫీసరు ఏడో నంబరు తలుపు తట్టాడు. ప్రపంచమంతా చెప్పుకునే బహుమతి అందుకున్న ముగ్గురు ఒకప్పుడు ఈ పటాలం ఊళ్లోనే ఉన్నారట. ఇద్దరి బంగళాలు ఎప్పుడో కూలిపోయాయి. మూడోవాడు నక్షత్రాల లెక్క తేల్చినవాడు. కుర్రతనంలో సిపాయిగా ఏడో నంబరు ఇంట్లో ఉన్నానని ఉత్తరాల్లో రాసుకున్నాడు. గోడకు రాతిపలక పెట్టి, ఇల్లు జనానికి చూపిస్తారట. నెలలోగా ఖాళీ చెయ్యాలి.

"ఆయనెవరో రెండేళ్లుండి పోయాడంట అక్కా. నేను ఇరవయ్యేళ్ల నుంచి ఈ ఇంటి పొయ్యి పొగలో దగ్గుతున్నా. నాకో పలక పెట్టరేం?" అంది తోడికోడలు.

"దగ్గు తప్ప నువ్వేం కనిపెట్టావే?" అంది సున్నాలమ్మ.

ఇద్దరూ నవ్వారు. తర్వాత తోడికోడలు గడప మీద కూర్చుని, చీకటి పడేదాకా లేవలేదు.

ఏడో నంబరుకు సున్నం వేసే పని సున్నాలమ్మకే ఇచ్చారు. కొత్త సున్నం నిలవాలంటే పాతది గీకెయ్యాలి. తలుపు పక్కన రేకుముక్కతో గీకుతుంటే పొరల అడుగున నల్లరంగు అంకె తేలింది. ఇరవై రెండు.

మధ్యాహ్నం అన్నానికి ఇంటికెళ్లి, తన తలుపు పక్కన గీకి చూసింది. ఏడు. పటాలం వాళ్లు కవాతు మైదానం వైపు నుంచి లెక్కపెట్టుకున్నారు. వాళ్లు పోయాక మునిసిపాలిటీ బజారు వైపు నుంచి లెక్కపెట్టింది. అంతే.

అన్నం తింది. ఉప్పు వేసిందో లేదో తెలియలేదు. తిరిగి పనిలోకి వెళ్లింది.

"ఏమ్మా, పాత గుర్తులేమైనా కనిపించాయా?" అన్నాడు ఆఫీసరు.

"సున్నం కింద సున్నమేనండి," అంది. ఆ అంకె మీద అప్పటికే రెండు పూతలు పడ్డాయి.

పలక పెట్టిన రోజు తోడికోడలు గిన్నెల మూట చంకన పెట్టుకుని ఇరవై రెండుకు వచ్చింది. "ఎక్కడికి పొమ్మంటావక్కా?"

"ఎక్కడికీ పోవద్దు. లోపలికి రా."

ఇప్పుడు ఏడో నంబరు ముందు జనం నిలబడి ఫొటోలు తీసుకుంటారు. సున్నాలమ్మ తన గోడకు సున్నం వెయ్యలేదు. గీకిన చోట మేకు కొట్టి తువ్వాలు తగిలించింది. ఎందుకు వెయ్యలేదో ఆమెకూ తెలియదు.

ఒక పొద్దున ముఖం తుడుచుకోవడానికి ఆ తువ్వాలు తీసిన తోడికోడలు గోడకేసి చాలాసేపు చూసింది. సున్నాలమ్మ పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు.

తోడికోడలు తువ్వాలు మళ్లీ అదే మేకుకు తగిలించింది. అంచులు సరిచేసింది.

"అక్కా, నీళ్లు కాగాయి చూడు," అంది.