లెక్కల సారు అరగంట

ఇల్లందు బస్టాండులో మేం టీచర్లమంతా బస్సు కోసం నిలబడితే, మా లెక్కల సారు మాత్రం టిఫిన్ డబ్బా పట్టుకుని బడి వైపు నడక మొదలుపెట్టేవారు. అడవి దారిలో చెయ్యెత్తితే బస్సు ఎక్కడైనా ఆగుతుంది.

“డాక్టరు రోజూ అరగంట నడవమన్నడు. బస్సు రోజూ అరగంట లేటు. ఇంకేం గావాలె?” అనేవారు.

మేం నవ్వేవాళ్లం. దారిలో ఆయన బస్సెక్కేసరికి చొక్కా తడిసి ఉండేది. షుగరు మాత్రం తగ్గుతోందట.

ఒకరోజు బస్సే రాలేదు. పదింటి దాకా చూసి ఇళ్లకు వెళ్లిపోయాం. మర్నాడు హాజరు రిజిస్టర్లో ముందురోజుకు ఆయన సంతకం ఒక్కటే ఉంది.

“తొమ్మిది కిలోమీటర్లు నడిచిన్రా సార్?” అని అడిగాను.

“బస్సు రాలేదని నాకెట్ల ఎరుక? ఎనకనే వస్తుందనుకున్న,” అన్నారు.

ఆ తర్వాత కూడా మేం బస్టాండులోనే నిలబడ్డాం. కాకపోతే, నవ్వడం మానేశాం.