రేపటి మూత ఎవరిది

శనివారం సాయంత్రం చెల్లె నంబరు నుంచి ఫోనులో మెసేజి వచ్చింది. ప్రతి శనివారం వచ్చేదే. ఆదివారం పొద్దున ఎక్కడికి పోవాలి, ఎక్కడ కలవాలి, చివరన ‘రేపటి మూత’ అని రాసి ఇద్దరి పేర్లు. చదవాలంటే నాకు అద్దాలు కావాలి. లోపలికి పోయి తెచ్చుకుని, నా పేరుందేమో చూద్దామని కింది నుంచి చదవడం మొదలుపెట్టాను. కింద మూత పేర్లు లేవు. ఆమె కూతురి పేరుంది. దాని పైన, ‘అమ్మ ఈ మధ్యాహ్నం చనిపోయింది’ అని ఉంది.

‘‘రేపు ఏడికట?’’ అని అడిగింది మా ఇంటామె.

ఫోను ఆమె చేతికిచ్చాను. ఆమెకు చదువు రాదన్న సంగతి ఆ గడియ నాకు యాదికి లేదు. ఫోను అటూ ఇటూ తిప్పి నా మొఖం చూసింది. ‘‘ఏమైందో నోటితోని చెప్పు’’ అన్నది. చెప్పాను. చెప్పాకే అది నిజమైంది.

నిజామాబాదులో మాది పక్షుల ఫోటోలు తీసే చిన్న క్లబ్బు. పది పదిహేను మందిమి ఉంటాం. క్లబ్బులో అందరికీ ఆమె అక్క. నేనొక్కణ్ణే వయసులో పెద్ద, అందుకని నాకు చెల్లె. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైంది. భర్త ముందే పోయాడు. కూతురి పెళ్లి చేశాక తన కోసమని కొనుక్కున్నది ఆ కెమెరా ఒక్కటే.

ఆమె నాకు పరిచయమైంది మా బాయి దగ్గర. మాది బోధన్ పక్కన పల్లె. ఒకప్పుడు ఎటు చూసినా చెరుకే ఉండేది. ఇప్పుడు వరి, సోయా వేస్తున్నారు. నాకు మనసొప్పక ఒక మడి చెరుకు ఉంచుకున్నాను. బాయి మీదికి వంగి ఒక ఈత చెట్టుంది. వానలు పడగానే దాని మట్టలకు గిజిగాళ్లు గూళ్లు కడతాయి. ఒక ఆదివారం పొద్దున పోయేసరికి బాయి చుట్టూ టోపీలు పెట్టుకున్న మనుషులు, మెడల్లో పెద్ద పెద్ద కెమెరాలు. నేను మోటరు రూము వెనక్కి పోయి నిలబడ్డాను. కొత్తవాళ్లతో మాట్లాడటం నాకు చిన్నప్పటి నుంచీ రాదు. అందరూ పిట్టలను చూస్తున్నారు. ఒక్క ఆమె నన్ను చూసింది.

‘‘అన్నా, గీ బాయి మీదేనా? అడగకుండ జొరబడ్డం, ఏమనుకోకు’’ అన్నది. నేను తల ఊపాను. ‘‘ఊపుడు మంచికా, చెడ్డకా?’’ అన్నది. నాకు నవ్వొచ్చింది. స్టీలు ఫ్లాస్కులోంచి శొంటి చాయ్ పోసి ఇచ్చింది. నా బాయి దగ్గర నేనే చుట్టాన్నయ్యాను.

మా అల్లుడి పాత కెమెరా ఒకటి ఇంట్లో పడి ఉండేది. అది పట్టుకుని క్లబ్బుకు పోవడం మొదలుపెట్టాను. నా ఫోటోల్లో పిట్ట తోక తప్ప ఇంకేమీ ఉండేది కాదు. ఎవరూ నవ్వేవాళ్లు కాదు గానీ, నాకు పని కూడా చెప్పేవాళ్లు కాదు. ‘‘పెద్దమనిషి, కూసోనియ్యుండ్రి’’ అనేవాళ్లు.

పని అంటే మా క్లబ్బులో మూత వంతు. ఆ రివాజు పెట్టింది చెల్లెనే. ఒకసారి నవీపేట్ దిక్కు గోదావరి బురదలో మా మనిషి ఒకాయన మోకాళ్ల దాకా దిగబడిపోతే, చుట్టూ అంతమంది ఉండి ఎవరూ చూడలేదట. అందరి కండ్లూ కెమెరాల్లో ఉన్నాయి. ఆయనను గుంజి బయట వేశాక ఆమె అన్నదట: ‘‘కెమెరా పట్టినోళ్లకు ఒక్క కన్నే ఉంటది. మనుషులను చూడాలంటే రెండు కావాలె.’’ అప్పటి నుంచి ప్రతి ఆదివారం ఇద్దరు లెన్సుకు మూత తియ్యకూడదు. ఎంత అపురూపమైన పిట్ట వచ్చినా సరే. బండ్లు మాట్లాడటం, చాయ్ టిఫిన్, ఊరివాళ్లను అడిగి దారి తెలుసుకోవడం, ప్లాస్టిక్ ఏరడం, అందరికంటే వెనక నడవడం, అన్నీ వాళ్లే చూసుకోవాలి.

నా పేరు కూడా రాసింది ఆమె. ప్రెసిడెంటు సారు రిటైరైన లెక్చరరు, మంచి మనిషి. ఆయన వద్దన్నాడు. ‘‘అన్నను పరేషాన్ చెయ్యకమ్మా’’ అన్నాడు. ‘‘పని చెప్పకుంటె గా అన్న ఎప్పటికి చుట్టం లెక్కనే వచ్చిపోతడు సార్’’ అన్నది ఆమె.

నా మొదటి వంతు కందకుర్తిలో పడింది. గోదావరిలో మంజీర కలిసే చోట పడవలో అందరూ ఒక పక్కకే జరిగి కొంగలను తీస్తున్నారు. పడవ వాలుతోంది. జరగండని చెప్పాలి. చదువుకున్నవాళ్లకు నేనేం చెప్తాను? పడవ నడిపే ఆయన మరాఠీలో గట్టిగా అరిచాడు. అప్పుడు సర్దుకున్నారు. గట్టుకొచ్చాక నేను తల దించుకుని నిలబడితే చెల్లె పక్కకొచ్చింది. ‘‘నోరు రాకుంటె ఏమాయె అన్నా, చెయ్యి ఎత్తు. నీ చెయ్యి నేను అందరికి చూపిస్త’’ అన్నది. ఆ తరువాత నేను చెయ్యెత్తితే చాలు, ‘‘అన్న చెయ్యెత్తిండు, ఆగుండ్రి’’ అని తాను అరిచేది. కొన్నాళ్లకు అరవాల్సిన పని లేకుండా పోయింది.

బయలుదేరే ముందు ప్రతి బండి కిటికీ దగ్గరికీ పోయి, ‘‘అద్దాలు, టోపి, నీళ్లు’’ అని అడిగేది. బడిపిల్లలను అడిగినట్టు. నడిచేటప్పుడు వంతు ఎవరిదైనా అందరికంటే వెనక ఆమెనే. చేతిలో గోనె సంచి, కండ్లు ముందున్న వాళ్ల కాళ్ల మీద. ఒకరి కాలు కొద్దిగా కుంటినట్టు కనబడితే ఆ రోజు నడక తగ్గించేది. ఎందుకు తగ్గించిందో చెప్పేది కాదు.

వంతు ఆమెకు లేని రోజు నాకు యాదికి లేదు. శనివారం పేర్లు రాగానే ఎవరో ఒకరు ఫోను చేసేవాళ్లు. మొబైల్ షాపు తమ్ముడైతే మరీ. ఆ ముచ్చట నా ముందరే జరిగింది ఒకసారి.

‘‘అక్కా, రేపు మూత నాదే గని... ఎర్రకాళ్ల కొంగలు దిగినయంట నవీపేట్‌ల. జర ఈ ఒక్కసారికి...’’

‘‘పోయిన వారం గూడ ఒక్కసారే అన్నవు కదరా.’’

‘‘పోయినసారి బాతులక్కా. ఇవి కొంగలు.’’

‘‘మంచిగుంది. ఇగ కాకులకు మిగులుతవు నువ్వు, వంతు చెయ్యనీకి.’’ నవ్వుకుంటూనే వాని వంతు తాను తీసుకునేది. ఆమె కెమెరా సంచిలోనే ఉండేది. పోస్టాఫీసు కట్టల మీద వేసినట్టు, లెన్సు మూతకు దారం కట్టి గట్టి ముడి వేసుకుంది, పోకుండా. ఆ మూత పోయే అవకాశమే రాలేదు.

‘‘నువ్వెప్పుడు తీస్తవు చెల్లె?’’ అని అడిగాను ఒకనాడు. అంత పెద్ద మాట అడగడం నాకు మొదటిసారి.

‘‘తీస్త అన్నా. నాకు శానా వద్దు. గిజిగాడు ఈత మట్టకు మొదటి ముడి ఏస్తడు చూడు, గదొక్కటి తీస్తె చాలు. నౌకరి చేసినన్ని దినాలు పోస్టు కట్టలకు సుతిలి ముడులేసిన. నాకు పది వేళ్లున్నయి. దానికి ఒక్క ముక్కు. ఎట్లేస్తదో దగ్గరికెళ్లి చూడాలె.’’

గూడు సగమైనాక ఎవరైనా తీస్తారు. మొదటి ముడి దొరకాలంటే చీకటి విడవకముందే వచ్చి కదలకుండా కూర్చోవాలి. పదిమందికి చాయ్ పోసేవాళ్లకు అది కుదరదు. ఏటా వానలొచ్చేవి. ఏటా, ‘‘ఈసారి కాలే, మల్ల వానలకు’’ అనేది.

తరువాత ఆమెకు కిడ్నీలు పాడైనాయి. వారానికి రెండుసార్లు ఆస్పత్రికి పోయి రక్తం కడిగించుకోవాలి. ఎడమ చేత్తో బరువెత్తొద్దన్నారు. అయినా వచ్చేది. వెనకే నడిచేది. ఆమె మెల్లగా నడుస్తుంటే మేమందరం మెల్లగా నడవడం నేర్చుకున్నాం. అప్పుడు గానీ ఆమె పని ఎంతో మాకు తెలియలేదు. పంచుకోవడానికి కూర్చుంటే బండ్లు ఒకరికి, మెసేజి ఒకరికి, టిఫిన్ ఒకరికి, ఊరివాళ్లతో మాట ఒకరికి. అందరికీ తలా ఒకటి పోయాక కూడా ఇంకా మిగిలింది. మెసేజి మాత్రం ఆమె ఇవ్వలేదు. ‘‘పండుకోని చేసే పని గదొక్కటే. అది గూడ గుంజుకుంటరా?’’ అన్నది.

పోయిన వానాకాలం మొదట్లో మా బాయి దగ్గరికి పోదామని పెట్టుకున్నాం. శనివారం మెసేజిలో మూత పేర్లు ఇద్దరివి వచ్చాయి. ఒకటి ఆమెదే. నాకు మనసొప్పలేదు. ఈసారి మూత నేను వేసుకుని ఆమెను కూర్చోబెట్టాలనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పే అలవాటు లేదు కదా.

పొద్దున మసక వెలుతురులో అందరూ బండ్లు దిగారు. చెల్లె అలవాటుగా ఒక్కొక్కరినీ చూసింది. ‘‘ఏందిరా, నీ మూత తియ్యలే?’’ అన్నది మొబైల్ షాపు తమ్మునితో. వాడు తల గోక్కున్నాడు. ప్రెసిడెంటు సారును చూసింది. ఆయన లెన్సుకూ మూతే. నాదీ మూతే. ఒకరికొకరం చెప్పుకోకుండా అందరం మూతలు వేసుకునే వచ్చాం.

ఆమె నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది. ‘‘అందరు మూతలేస్తె పిట్టను ఎవలు తీస్తరు?’’

‘‘నువ్వు తియ్యక్కా’’ అన్నాడు తమ్ముడు.

బాయి ఇవతల చాప వేశాం. ఆమె మూత తీసింది. లెన్సు బరువు. ఎడమ చెయ్యి ఆనించకూడదు, కుడి చెయ్యి ఒక్కదాని మీద అది నిలవడం లేదు. స్టాండు ఎవరూ తేలేదు. ఒకరు తెస్తారని ఒకరం. నేను ఆమె ముందు కూర్చుని భుజం కొద్దిగా కిందికి వంచాను. ‘‘ఈడ పెట్టు’’ అన్నాను. లెన్సు నా భుజం మీద పెట్టింది. బరువు తెలిసింది. ఆమె ఊపిరి వినబడుతోంది. నేను ఊపిరి బిగబట్టాను.

గిజిగాడు వచ్చాడు. పసుప్పచ్చ తల. ముక్కులో మా చెరుకాకు నుంచి చీల్చిన సన్నని పీలిక. ఈత మట్ట కొసన వాలి, పీలికను కాలికింద అదిమి, ముక్కుతో చుట్టి, కిందినుంచి తీసి, మళ్లీ చుట్టాడు. నాకు స్పష్టంగా కనబడుతోంది. ఇప్పుడు, ఇప్పుడు అనుకుంటున్నాను. చెవి దగ్గర టిక్కు అని వినబడాలి. వినబడలేదు.

‘‘సార్, వెనకకు! గడ్డ లూజున్నది!’’

చెల్లె అరిచింది నా చెవిలోనే. ప్రెసిడెంటు సారు పిట్టనే చూస్తూ బాయి దరి మీదికి పోయాడు. తటాలున వెనక్కి జరిగాడు. ఆయన కాలు తీసిన చోట మట్టిపెళ్ల విరిగి బాయిలో పడింది. ఆ చప్పుడుకు పిట్టలన్నీ ఒక్కసారే లేచిపోయాయి. మట్టకు ముడి మాత్రం ఉంది, పీలిక కొస గాలికి ఊగుతూ.

సారు కండ్లు తుడుచుకున్నాడు. ‘‘నీ ఒక్కనాడు గూడ నేనే చెడగొడితి కదమ్మా’’ అన్నాడు.

‘‘ఊకో సార్. కెమెరాకు ఒక్క కన్ను ఇచ్చిన గని, రెండో కన్ను మూసుకోలేకపోయిన’’ అన్నది. తరువాత నా భుజం తట్టింది. ‘‘చూసిన గద అన్నా. మల్ల వానలకు తీస్త. భుజం జాగ్రత్తగ ఉంచు.’’

ఎండకాలం చివరి దాకా ఉంది. వానలు రాకముందే పోయింది. చివరిసారి చూడబోయినప్పుడు మంచం మీద నుంచి అడిగింది, ఈత చెట్టు కొట్టలేదు కదా అని. లేదని తల ఊపాను. ‘‘ఊపుడు మంచికా, చెడ్డకా?’’ అన్నది. గొంతు సన్నగా వచ్చింది. అప్పుడైనా నోరు తెరిచి ఒక మాట అనవలసింది. మంచికే అని చెయ్యెత్తి చూపించాను. అదే ఆఖరు.

ఆమె పోయాక శనివారాలు ఫోను మోగలేదు. ఒకరు రాస్తారని ఒకరం చూశాం. మొన్న తొలకరి పడ్డాక మొబైల్ షాపు తమ్ముడు రాశాడు. ‘రేపు అన్న బాయి కాడికి. రేపటి మూత: అందరం.’

వచ్చారు. బండ్ల కిటికీల దగ్గర ఎవరూ అద్దాలు, టోపి, నీళ్లు అని అడగలేదు. అయినా అందరి దగ్గరా ఉన్నాయి. పొలం ఒడ్డు మీదికి రాగానే నడక ఆగిపోయింది. ‘‘నడువుండ్రి సార్’’ అంటాడు తమ్ముడు. ‘‘నువ్వు నడువు, నేను వెనక వస్త’’ అంటాడు సారు. ఇంకొకరు చెప్పు దులుపుకుంటారు. ఇంకొకరు సంచి సర్దుకుంటారు. అందరూ వెనకే నడవాలని నిలబడ్డారు. ఒక్కరూ ముందుకు పోరు. అట్లా చాలాసేపు నిలబడి ఒకరి మొఖం ఒకరం చూసుకున్నాం. తమ్ముడు అక్కడే చిన్నపిల్లవాని లాగ ఏడ్చాడు. పొలం నాది కనుక ఆఖరుకు నేనే ముందు నడిచాను.

బాయి దగ్గర చెయ్యెత్తాను. అందరూ దరికి దూరంగా ఆగారు. చాప వేసి పాత చోటనే కూర్చున్నాను. తెల్లారుతుంటే గిజిగాడు చెరుకాకు పీలిక పట్టుకుని వచ్చాడు. చుట్టాడు, కిందినుంచి తీశాడు, బిగించాడు. ఎవరూ మూత తియ్యలేదు.

ముడి పడ్డాక గిజిగాడు ఇంకో పీలిక కోసం చెరుకులోకి ఎగిరిపోయాడు. ఎండ మీదికొచ్చింది. ‘‘లేద్దామా అన్నా?’’ అని తమ్ముడు వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. లేవబోతే మెడ పట్టేసింది. అప్పుడు చూసుకున్నాను. అంతసేపూ భుజం ఒక పక్కకు వంచుకునే కూర్చున్నాను.