తమ్ముడి మాటకు నా గొంతు

మా నాటకం సారు యాప్రాల్‌లో తన గదిలో కన్నుమూశారని బుధవారం పొద్దున ఫోన్ వచ్చింది. పక్కనే టీ తాగుతున్న తమ్ముడికి సైగలతో చెప్పాను. కప్పు కింద పెట్టి, మళ్లీ చెప్పమన్నాడు.

తమ్ముడికి పుట్టుకతో వినపడదు, మాట రాదు. పార్సిళ్లు కట్టే గోడౌన్‌లో పనిచేసేవాడు. ఎదురు మాట్లాడరని అక్కడ అలాంటివాళ్లనే పెట్టుకునేవారు. ఆదివారం ఆరాధన అయ్యాక, పద్మారావు నగర్‌లోని మా చర్చి హాలులో సారు ఆ పనివాళ్లతో కలిసి నాటకం తయారుచేసేవారు. రాసిన కాగితం ఉండేది కాదు. గోడౌన్‌లో జరిగింది వాళ్లు చేసి చూపిస్తే అదే సీను. రిహార్సల్‌లో నోటితో మాట్లాడినవాళ్లు అందరికీ టీ పోయాలి. ఎక్కువసార్లు పోసింది సారే.

"సేటు మన కష్టమొక్కటే కొనడు చెల్లె, మన నోరు సుత కొంటడు" అనేవారు.

సైగలను వినేవాళ్లకు మాటల్లో చెప్పడం నా పని. మీలో కొందరు ఆ నాటకం చూసే ఉంటారు. మొదటి ప్రదర్శనలో తమ్ముడు, "బాత్రూంకి పోతే జీతం కోస్తాడు. మేం మనుషులమా, డబ్బాలమా?" అని సైగ చేశాడు. ముందు వరుసలో గోడౌన్ సూపర్‌వైజర్ కనిపించాడు. నా నోట, "అక్కడ పని కొంచెం కష్టం" అని వచ్చింది.

సారుకు సైగలు తెలుసు. అయిపోయాక పక్కకు పిలిచారు.

"తమ్ముని మాట మింగినవేంది చెల్లె?"

"వాని నౌకరి పోతది సారూ."

"పోతదేమో. వాన్ని అడిగినవా?"

అడగలేదు. ఇంటికెళ్లి అడిగితే, ఉన్నదున్నట్టు చెప్పమన్నాడు. రెండో ప్రదర్శనలో చెప్పాను. సోమవారం వాణ్ణి గేటు దగ్గరే వెనక్కి పంపేశారు. రెండేళ్లయింది, ఇంతవరకు కుదురైన పని దొరకలేదు. కోపంతో నేను సారును పలకరించడం మానేశాను. ఆయన మాత్రం ప్రతి ఆదివారం వచ్చి హాలు మెట్ల మీద తమ్ముడి పక్కన కూర్చునేవారు. ఆ కోపానికి ప్రభువును క్షమాపణ అడిగాను. సారును అడగలేదు.

శవం దగ్గర బంధువులు తలా నాలుగు మాటలు చెప్పారు. తమ్ముడు నా భుజం తట్టాడు. "ఈయన నాటకం వల్ల నా పని పోయింది" అని సైగ చేశాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా నావైపే చూస్తున్నారు. అయినా చెప్పాను. "అంతకుముందు నన్ను ఎవరూ ఏమీ అడగలేదు" అన్నాడు. అదీ చెప్పాను.

ఆ తర్వాత చెప్పాలనుకున్నది సారుకే. మూసుకున్న కళ్లకు సైగలు కనబడవు. తమ్ముడు మోకాళ్ల మీద కూర్చుని, ఆయన చల్లబడిన అరచేయి తెరిచి, అందులో తన వేళ్లు కదిలిస్తూ ఉండిపోయాడు. పాడె ఎత్తడానికి వంగినవాళ్లు అలాగే ఆగారు.