ఇరవై బోర్డు

మండపేటలో లారీల వెనక అక్షరాలు రాసిన చిట్టియ్య ఇప్పుడు రాజమండ్రిలో ఒక విల్లాల కాలనీకి వాచ్‌మన్. లోపలి రోడ్ల మీద వేగం ఇరవై దాటకూడదన్న బోర్డు అతను రాసిందే. రోజూ తడిగుడ్డతో తుడుస్తాడు. దాటినవాళ్ళకు జరిమానా ఉండదు. గేటుదాకా వెనక్కి వెళ్ళి మెల్లగా రావాలి. ఒకరోజు కాలనీ సంఘం అధ్యక్షుడు జోగేశ్వరరావుగారి కారు దూసుకొచ్చింది. చిట్టియ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇది మా సొంత రోడ్డయ్యా. ఉద్యోగం కావాలా, వద్దా?"

"కావాలండి. అందుకే ఆపానండి. వెనక్కెళ్ళి రండి."

సైకిళ్ళ మీది పిల్లలు ఆగి చూస్తున్నారు. కారు గేటుదాకా వెనక్కి వెళ్ళి, మనిషి నడిచేంత వేగంతో వచ్చి, బోర్డు దగ్గర ఆగింది.

"ఇన్నాళ్ళూ చూళ్ళేదు. సున్నా భలే కుదిరిందే, ఎవరు రాశారయ్యా?"

"నేనేనండి," అని చిట్టియ్య అప్పుడు సెల్యూట్ చేశాడు.