కళ్లకు గుడ్డ కట్టుకుని

2011లో నేను మేడ్చల్‌లో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతూ, దూరవిద్యలో తత్వశాస్త్రం ఎమ్మే చదివేదాన్ని. అత్వెల్లిలో అక్కా నేనూ ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. అక్క ఇంటి ముందు షెడ్డులో జాకెట్లు కుట్టేది. షుగర్ వల్ల ఆమె ఎడమ కన్ను అప్పటికే పోయింది. రెండో కంటికి లేజర్ చేసిన డాక్టరు, అది ఎన్నాళ్లుంటుందో చెప్పలేనన్నాడు.

సాయంత్రాలు నేను పైకి చదువుకుంటుంటే అక్క మిషను ఆపి వినేది. పాత గ్రీసులో స్టోయిక్కులనే తత్వవేత్తలు ఉండేవారనీ, రాబోయే నష్టాన్ని ముందే మనసులో అనుభవించి చూసుకోమనేవారనీ ఒకరోజు చదివాను. అట్లా చేస్తే, అది నిజంగా వచ్చిననాడు మనిషి కూలిపోడట. ఆ ముక్క అక్క మళ్లీ చదివించుకుంది.

మర్నాడు నేను ఇంటికొచ్చేసరికి కళ్లకు లైనింగు గుడ్డ కట్టుకుని ఉల్లిగడ్డలు కోస్తోంది. వేలు తెగి రక్తం కారుతోంది. గుడ్డ విప్పబోతే నా చెయ్యి తోసేసింది.

"ఉండనియ్యి. సూపు ఉన్నప్పుడే నేర్చుకోవాలె," అంది.

ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం గుడ్డ కట్టుకునేది. బియ్యం కడిగేది, చీరలు మడతపెట్టేది, గోడ పట్టుకోకుండా బోరింగు దాకా నడిచేది. పక్కింటి ముస్లిం పెద్దావిడను మేం ఖాలా అని పిలిచేవాళ్లం. మొదట ఇదేం పిచ్చి అని కోప్పడినా, తర్వాత ఆమే అక్క వెంట నడిచేది. సూదిలో దారం ఎక్కించడం మాత్రం అక్కకు ఎంతకీ రాలేదు. మిగతావన్నీ వస్తుంటే నాకు ధైర్యం కలిగింది. పుస్తకంలోని మాట మా ఇంట్లో పనిచేస్తోందనుకున్నాను.

2013 వానాకాలంలో ఒక పొద్దున అక్క లేచి, ఇంకా తెల్లారలేదా అని అడిగింది. నేను బడికి తయారై నిలబడి ఉన్నాను.

ఆసుపత్రిలో ఇక చేసేదేమీ లేదన్నారు. ఇంటికొచ్చాక అక్క తిన్నగా పొయ్యి దగ్గరికెళ్లి చాయ్ పెట్టింది. ఒక్క చుక్క ఒలకలేదు. గ్లాసు నా చేతికిచ్చి, కింద కూలబడి ఏడ్చింది. ఏడుపు విని వచ్చిన ఖాలా, నేర్చుకున్నదేదీ వృథా కాలేదని ఓదార్చబోయింది.

"పనొచ్చింది ఖాలా. కాని గుడ్డ కట్టుకున్నప్పుడు, మల్ల ఇప్పుకుంటనని తెల్సు నాకు. ఇప్పుకుంటనన్న ఎరుక లేకుండ ఎట్ల నేర్చుకుంటరు?"

ఖాలా అక్క తల తన ఒడిలోకి తీసుకుంది.

మరుసటి ఏడు షుగర్ కిడ్నీలకు పాకింది. ముందు ముందు ఏమవుతుందో డాక్టరు వివరించబోతుంటే అక్క ఆయన్ను ఆపింది.

"ఇప్పుడే చెప్పకు సారూ. వచ్చిననాడు సూస్త."

నేను ఆమె చెయ్యి పట్టుకుని బయటికి నడిపించాను.